గిన్నెలో మిగిల్చిన చిటికెడు

వజ్రాల క్యాంపులో రెండేళ్ళు పనిచేశాను. వజ్రాన్ని మాత్రం చూడలేదు. ఈ మాట చెబితే గద్వాలలో ఇప్పటికీ ఎవరూ నమ్మరు. ఒకటో రెండో నడుముకు కట్టుకొని వచ్చి, ఏమీ ఎరగనట్టు మళ్ళీ మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకొని కూర్చున్నానని కొందరి అనుమానం. వాళ్ళతో వాదించి వాదించి నాకు విసుగొచ్చింది. నేను చేసిన తప్పు అది కాదు. చేసింది ఇంకొకటి ఉంది. అది తెలిసి చేశానో తెలియక చేశానో, దానివల్ల నిజంగా ఏం జరిగిందో, ఇంతకాలమైనా నాకు తేలలేదు.

రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్ళు అయ్యుంటుంది. మాకు పట్టు, నూలు ఇచ్చి చీరలు నేయించుకునే సేటు ఆ ఏడు సగం మగ్గాలకు పని ఆపేశాడు. ఆపిన వాటిలో మాదొకటి. నేనూ, మా అమ్మా, నా భార్యా ముగ్గురమూ బతికేది ఆ ఒక్క మగ్గం మీదే. నేను ఇంట్లో కూర్చొని అందరి మీదా అరుస్తున్న రోజులవి. అప్పుడు మా బావ వచ్చాడు. బావ అంటే మా అక్క భర్త. అమ్రాబాద్ అవతల గుట్టల్లో వజ్రాల కోసం వెతికే కంపెనీ ఒకటి దిగితే, దాంట్లో జీపు నడుపుతున్నాడు.

“బామ్మర్దీ, మా సారుకు మంచి నజరున్నోళ్ళు గావాల్నంట. మట్టిలకెల్లి గింజలేరుడు పని. నువ్వు తెగిన పోగును ఎతికి పట్టుకుంటవ్ గదా, గింజను పట్టలేవా?” అన్నాడు.

“వజ్రాలా?” అంది నా భార్య.

“వజ్రాలు గాదమ్మా, గింజలు,” అన్నాడు బావ. ఆయనకు కూడా అంతకుమించి తెలియదని నాకు అప్పుడే అర్థమైంది.

పొద్దున గద్వాలలో బస్సెక్కితే వనపర్తిలో ఒకటి, నాగర్‌కర్నూల్‌లో ఒకటి, అచ్చంపేటలో ఇంకొకటి మారి, ఘాటు ఎక్కి అమ్రాబాద్ చేరేసరికి పొద్దు వాలింది. అక్కడినుంచి బావ జీపు. రోడ్డు అయిపోయింది, బండ్ల బాట అయిపోయింది, చివరికి వాగులోని రాళ్ళ మీదుగానే పోయాం. ఇక దారే లేదనుకున్న చోట ముళ్ళ తీగ చుట్టిన క్యాంపు కనబడింది. ఏడెనిమిది గుడారాలు, ఒక పొడుగాటి రేకుల షెడ్డు, ఒక నీళ్ళ ట్యాంకరు. సెల్‌ఫోన్లు అప్పటికి మా గద్వాలకూ వచ్చాయి గానీ, అక్కడ మాత్రం బండరాయి ఎక్కి చెయ్యి పైకెత్తినా సిగ్నల్ దొరికేది కాదు. ఇరవై రోజులు క్యాంపు, ఆరు రోజులు ఇల్లు. ఇంటికి పోయేటప్పుడు గేటు దగ్గర కాపలా అతను మా జేబులు, చెప్పులు, చివరికి టిఫిన్ డబ్బా కూడా దులిపి చూసేవాడు. ఏం దొరికితే పట్టుకోవాలో అతనికీ తెలియదు, ఏం దాచుకోవాలో మాకూ తెలియదు.

సారు కోస్తావైపు మనిషి. రాళ్ళ చదువు చదివినవాడు. నా వయసే ఉంటుంది, కళ్ళద్దాలు, పలచటి మనిషి. మొదటి రోజు నన్ను కూర్చోబెట్టి ఇసుకలో పది ఆవగింజలు కలిపి ఏరమన్నాడు. పదీ ఏరి, “ఇంకొకటున్నది సార్, పగిలింది,” అని సగం గింజ కూడా తీసి పెట్టాను. ఆయన నవ్వి నా పేరు రాసుకున్నాడు.

పని ఇదీ. చుట్టుపక్కల వాగులన్నింటి నుంచి ఇసుక, గులక తెచ్చి, కడిగి, జల్లించి, ఆరబెడతారు. చివరికి ఒక్కో సంచీకి దోసెడు నల్లటి బరువైన ఇసుక మిగులుతుంది. దాన్ని తెల్ల పింగాణీ గిన్నెలో పోసి, కొంచెం కొంచెంగా భూతద్దం కింద పరిచి, చిమటాతో, అంటే సన్నటి పట్టకారుతో, ఎర్ర గింజలు ఏరాలి. గసగసాలంత ఉంటాయి. గార్నెట్ అంటారట. ఆ ఎర్ర గింజలు వజ్రానికి తోడుగా భూమి లోపలినుంచి వస్తాయనీ, అవి ఏ వాగులో దొరికితే ఆ వాగు ఎగువన వజ్రం ఉండే అవకాశం ఉందనీ సారు చెప్పాడు.

“వజ్రమెట్లుంటది సార్?” అని అడిగాను.

“నిజం చెప్పనా? మట్టిలో ఉన్నది నేనూ చూడలేదు. చదువుకునే రోజుల్లో మ్యూజియంలో అద్దం వెనకాల చూశాను,” అన్నాడు.

నాకు మతి పోయింది. ఇంతమంది, ఇన్ని జీపులు, ఇంత డీజిలు, ఎవరూ చూడనిదాని కోసం. మొగ్గలు లేని చెట్టుకింద గంప పట్టుకొని నిలబడినట్టు అనిపించింది. అయినా పని బాగుండేది. మెడ నొప్పి, కళ్ళు మంట, అంతే. మగ్గం మీద కూడా ఉండేవి అవే.

ఒక గిన్నె అయిపోయాక దాన్ని కుంచెతో పూర్తిగా దులిపి, గుడ్డతో తుడిచి, అప్పుడు కొత్త సంచీ విప్పాలని సారు మొదటి రోజే చెప్పాడు. విన్నాను. తల కూడా ఊపాను.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. చీరలు నేయడం అయిపోయాక మేము మగ్గం మీది పడుగును, అంటే నిలువు పోగులను, మొత్తం కోసి తీసేయం. పోగులు దూర్చే అచ్చులో మూరెడు పాత పోగులు అలాగే ఉంచుతాం. కొత్త పడుగు వచ్చాక వేళ్ళకు బూడిద రాసుకొని, కొత్త పోగును ఒక్కొక్కదాన్నే పాత పోగుకు మెలిపెట్టి అతుకుతాం. వేల పోగులు. నూలు చీరకు పట్టు కొంగు కలిపేది కూడా అట్లాగే. పాతది కొంచెమైనా లేకుండా కొత్తది ఎక్కదు. మగ్గం ఉత్తగా కనబడితే మా అమ్మకు ప్రాణం పోయినంత పని. సేటు పని ఆపేసిన రోజు కూడా ఆ మూరెడు పోగుల మీద పాత ధోవతి కప్పి ఉంచింది గానీ కోయనివ్వలేదు.

అట్లాంటి ఇంట్లో పెరిగిన చెయ్యి నాది. మొదటి వారంలో గిన్నెను మొత్తం దులపబోయి ఆగిపోయాను. మనసు ఒప్పలేదు. భూతద్దం కింద పరచకుండానే చిటికెడు అంచున ఉంచి, దాని మీదనే కొత్తది పోశాను. ఈ ఒక్కసారికే కదా అనుకున్నాను. తర్వాత అనుకోవడం కూడా మానేశాను. చెయ్యి తన పాటికి తాను చేసుకుపోయింది.

క్యాంపుకు అరకోసు దూరంలో ఒక పెద్దాయన చెలక, అంటే మెట్టచేను, ఉండేది. ఆయనా, ఆయన భార్యా ఆముదాలు, కంది, జొన్న వేసుకునేవాళ్ళు. చెలక పక్కనే సన్నటి వాగు. క్యాంపులో వంటమనిషి మూడు పూటలా అన్నమే పెట్టేవాడు, దాంట్లోకి చింతపండు నీళ్ళలాంటి చారు. రొట్టె లేక నాకు పిచ్చెక్కేది. ఒకరోజు వాగు దగ్గర కూర్చొని ఆ మాటే బావతో గొణుగుతుంటే పెద్దాయన విన్నాడు. మర్నాడు గుడ్డలో నాలుగు జొన్నరొట్టెలు, ఎర్రకారం పట్టుకొని గేటు దగ్గరికే వచ్చాడు.

“ఏమోయ్ గద్వాలోడా, బువ్వ తినీ తినీ నీ కండ్లు మసకవడ్తె మా వాగుల ఉన్నయి గూడ కానరావు. ఇంద, తిను,” అన్నాడు.

అప్పటినుంచి వారానికి రెండుసార్లు వచ్చేవాడు. నేను పెద్దయ్యా అనేవాణ్ణి. ఆయన రొట్టెలు రెండేళ్ళు తిన్నాను. ఈ విషయం మరిచిపోకుండా రాస్తున్నాను, ఎందుకంటే దీని తర్వాత రాయబోయేది నాకు సిగ్గు.

రెండో ఏడు పెద్దయ్య చెలక పక్క వాగు ఇసుక నా బల్ల మీదికి వచ్చింది. దాంట్లో ఎర్ర గింజలు ఐదు దొరికాయి. సారు భూతద్దంలో చూసి, అద్దాలు తీసి, మళ్ళీ పెట్టుకొని చూసి, నా భుజం మీద చరిచాడు. ఆ రోజు క్యాంపులో అందరికీ మాంసం వండించాడు. పెద్దయ్యతో మాట్లాడి, ఆయన చెలకలో పొడుగ్గా కందకం తవ్వడం మొదలుపెట్టారు. మనిషి లోతు, చెలక ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా. విత్తనం వేసే కాలం దగ్గర పడింది. పెద్దయ్య ఆ ఏడు ఆ చెలకలో నాగలి కట్టలేదు.

“వజ్రాలెల్తె చెలక గుంజుకుంటరా, నాకే ఇడుస్తరా బిడ్డా?” అని అడిగేవాడు. మరుసటి రోజు, “ఎల్లకుంటె మట్టి మల్ల ఎవరు పుడుస్తరు?” అనేవాడు. ఏ జవాబుకు సంతోషపడాలో ఆయనకే తెలియనట్టుండేది. నాకూ తెలియదు. నేను రొట్టె నములుతూ తల గోక్కునేవాణ్ణి.

కందకం సగానికి పైగా తవ్వాక ఒకరోజు సారు నాకు నంబరు లేని సంచీ ఇచ్చాడు. ఏరితే మూడు ఎర్ర గింజలు వచ్చాయి. సంతోషంగా తీసుకెళ్ళి చూపించాను. ఆయన ముఖం మారిపోయింది.

“ఇది వాగుది కాదయ్యా. మీ పని సరిగా ఉందో లేదో చూద్దామని అచ్చంపేటలో ఇల్లు కడుతున్న చోట ఇసుక కుప్పలోంచి తెచ్చాను. ఇందులోకి ఇవి ఎలా వచ్చాయి?”

“నాకు తెల్వది సార్,” అన్నాను. అప్పటికి అది నిజం.

వెళ్ళి కూర్చొని తర్వాతి సంచీ కోసం గిన్నె దులపడం మొదలుపెట్టాను. నా చెయ్యిని నేనే చూశాను. కుంచె చుట్టూ తిరిగింది, అంచు దగ్గర ఆగింది, పక్కకు తప్పుకుంది. చిటికెడు నల్ల ఇసుక అక్కడే ఉంది. నంబరు లేని సంచీకి ముందు నేను ఏరింది కొండవాగు సంచీ. కొండవాగులో ఎర్ర గింజలు ఎప్పుడూ ఉండేవి. పెద్దయ్య వాగు ఇసుక పోసిన రోజు అంతకుముందు గిన్నెలో ఉన్నది ఏది? రిజిస్టర్ తిరగేశాను. అదీ కొండవాగుదే.

చెబితే పని పోతుంది. చెప్పకపోతే కందకం అవతలి గట్టు దాకా పోతుంది. మరుసటి రోజు మధ్యాహ్నం సారు గుడారంలోకి వెళ్ళి చెప్పాను. మగ్గం, మూరెడు పోగులు, బూడిద, మా అమ్మ, అంతా చెప్పాను. చెబుతుంటే నాకే అది పిచ్చి మాటలాగా వినబడింది.

“ఎప్పటినుంచి?” అన్నాడు.

“మొదట్నుంచి సార్.”

ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది. చాలాసేపు అద్దాలు తుడుచుకున్నాడు. “ఎవరితోనూ అనకు. ఆ వాగు ఇసుక మళ్ళీ తెప్పిస్తాను,” అన్నాడు. తవ్వకం ఆపించాడు. కొత్త ఇసుక వచ్చింది. కొత్త గిన్నెలో పోసి ఈసారి సారే కూర్చొని ఏరాడు.

రెండు గింజలు వచ్చాయి.

సారు చిమటా కింద పెట్టాడు. “రెండంటే ఉన్నట్టా, లేనట్టా?” అన్నాడు. నన్నే అడిగాడో తనను తానే ప్రశ్నించుకున్నాడో. ఇసుక ఆరబెట్టిన తట్ట పాతది, అందులోంచి వచ్చాయేమో అన్నాడు. కాసేపటికి, అచ్చంపేట ఇసుక కుప్ప ఏ వాగు నుంచి వచ్చిందో మనకేం తెలుసు, అందులో నిజంగానే ఉన్నాయేమో అన్నాడు. నా తప్పు ఉన్నట్టా లేనట్టా అని నేను అడగలేకపోయాను.

నెల తిరక్కముందే క్యాంపు ఎత్తేస్తున్నామని పైనుంచి కబురొచ్చింది. కారణం ఎవరూ చెప్పలేదు. “నీ వల్ల కాదులే. అడవి పర్మిషన్లు, ఇంకా ఏవేవో ఉన్నాయి,” అన్నాడు సారు. అది నిజమో, నా మీద జాలితో అన్నాడో ఇప్పటికీ తేల్చుకోలేను. గుడారాలు విప్పుతుంటే పెద్దయ్య వచ్చి కందకం సంగతి అడిగాడు. కంపెనీ మళ్ళీ వస్తుందని ఎవరో అనుకుంటుంటే విన్న బావ, “అప్పుడే పుడ్వకు పెద్దయ్యా, మల్లొస్తరంట,” అన్నాడు.

పెద్దయ్య నా దగ్గరికి వచ్చాడు. చేతిలో రొట్టెల మూట.

“బిడ్డా, సార్లు జెప్పరు. నీ కండ్లతోని జూసినోనివి నువ్వు. మా చెలకల ఉన్నదా, లేదా?”

అప్పుడు చెప్పాల్సింది. నోటి దాకా వచ్చింది. “మాకేం ఎరుక పెద్దయ్యా. అంత సారుకే తెలుస్తది,” అన్నాను. రొట్టెల మూట తీసుకున్నాను. జీపెక్కాను. నాగర్‌కర్నూల్ బస్టాండులో వాటిని తిన్నాను కూడా. ఆకలేసింది, తిన్నాను. దానికి ఇంకేం సమర్థన లేదు.

ఇంటికొచ్చాక సేటు మళ్ళీ పని ఇచ్చాడు. మా అమ్మ ధోవతి తీసి, ఆ మూరెడు పోగులను చూపించి, “జూసినవా? గందుకే కొయ్యనియ్యలే,” అని నెగ్గినట్టు నవ్వింది. నాకు నవ్వు రాలేదు. వేళ్ళకు బూడిద రాసుకొని అతకడానికి కూర్చుంటే పెద్దయ్య చెలక కళ్ళలో మెదిలింది.

మూడు వానాకాలాలు పోయాయి. బావ అప్పటికి సరుకుల ఆటో నడుపుతున్నాడు. ఒకరోజు అమ్రాబాద్ వైపు కిరాయికి పోయి వచ్చి, అన్నం తింటూ మాటల్లో అన్నాడు.

“బామ్మర్దీ, పెద్దయ్య చెలక ఇంక గట్లనే వడివున్నది. కంపెనోళ్ళు వస్తరని పుడ్వనిస్తలేడంట. వానకు గట్లన్ని తెగినయి. పెద్దమ్మ పరేషానుల ఉన్నది.”

మర్నాడు పొద్దున్నే బస్సెక్కాను. అవే నాలుగు బస్సులు. ఆ రాత్రి అమ్రాబాద్‌లో ఆగి, తెల్లారాక నడిచి పోయాను. చెలక చూసి గుర్తు పట్టలేదు. కందకం అంచులు విరిగి రెండింతలు వెడల్పయింది. ఆముదాలుండే చోట తుమ్మ మొలిచింది. మంచి మట్టి వాగులో కలిసిపోయింది. పెద్దయ్య గట్టు మీద కూర్చొని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు.

“గద్వాలోడా! కంపెనీ వస్తున్నదా?” అన్నాడు.

ఆ ముఖం చూసి వెనక్కి తిరిగి పోదామనిపించింది. పోలేదు. కూర్చొని మొదటినుంచి చెప్పాను. గిన్నె, చిటికెడు, కొండవాగు, సారు తెచ్చిన ఇసుక, అంతా. మగ్గం సంగతి చెప్పినప్పుడు మాత్రం ఆయన తల ఊపాడు.

“కల్లం గూడ ఊడ్చి ఉత్తగ ఇడ్వరు. మేం గూడ దోసెడు గింజలు ఇడుస్తం,” అన్నాడు. నన్ను క్షమించాడనుకున్నాను. కాదు. ఇంకా ఆలోచిస్తున్నాడు.

“మల్ల రెండోపారి రెండు గింజలొచ్చె అంటివి. గవి గూడ నీవేనా?”

“తెల్వది పెద్దయ్యా.”

“సారుకు ఎప్పుడు జెప్పినవ్?”

“తెలిసిన మర్నాడే.”

“మర్నాడే,” అన్నాడు. కందకం వైపు చూశాడు. గొంతు పెంచలేదు. “చెలక సారుదా, నాదా?”

ఆయన మూడేళ్ళ పంట గురించి ఒక్క మాట ఎత్తలేదు. లేచి ఇంటివైపు పోతూ, “రొట్టె తిని పండు. రేపు పొద్దుగాల పార వట్టుకొని రా,” అన్నాడు.

నాలుగు రోజులు పూడ్చాం. నేత పని చేసే చేతులు నావి, మొదటి రోజే బొబ్బలెక్కాయి. పెద్దమ్మ వాటికి ఆముదం రాసింది. ఆమె నాతో పెద్దగా మాట్లాడలేదు, రొట్టె మాత్రం ఏ పూటా తక్కువ కాకుండా పెట్టింది. మూడో రోజు పొద్దున కందకంలోకి మట్టి లాగుతుంటే, అడుగున, ఎండ పడిన చోట, ఎర్రగా ఒకటి మెరిసింది. గసగసాల గింజంత. పార ఆగిపోయింది. గార్నెట్ అయ్యుండవచ్చు. ఉత్త ఎర్ర రాయి ముక్కా కావచ్చు. అద్దం లేదు, చిమటా లేదు, సారు లేడు. ఒక్క పార మట్టి లాగితే అది ఉన్నట్టు కూడా ఎవరికీ తెలియదు.

“పెద్దయ్యా, జర ఈడికి రా,” అని పిలిచాను. “ఇగో, ఎర్రగ ఒకటి మెరుస్తున్నది. గదేనో కాదో నాకు తెల్వది. నువ్వు జూడు.”

ఆయన నడుము పట్టుకొని దిగాడు. వంగి చూశాడు. తర్వాత నావైపు తిరిగాడు.

“జెప్పినవ్ గదా,” అన్నాడు. “ఇగ పుడ్చు.”

పూడ్చాను.